సేవ ఏ ఊరికి చేరుతుంది? ఒడిశా సరిహద్దు జిల్లాల్లో వాలంటీర్ల లెక్క

గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి చుట్టుపక్కల పల్లెల్లో ఈ మాట తరచూ చెవిన పడుతుంది: "పక్క ఊరికి ఏటా ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలొస్తారు. వారం రోజులుంటారు, డాక్టర్ని తీసుకొస్తారు, బోరింగు చుట్టూ బాగుచేస్తారు. మా ఊరికి ఒక్కసారీ రాలేదు." ఆ గొంతులో కోపం కంటే చిన్నబుచ్చుకోవడమే ఎక్కువ. తమని ఎవరో కావాలని పక్కన పెట్టారని వాళ్ళ అనుమానం. చాలాసార్లు కారణం అంతకంటే మామూలుది. పక్క ఊరు కాలేజీకి దగ్గర. బస్సు దిగి నడిచిపోవచ్చు.

దేశసేవ పేరుతో యువతను ఊళ్ళలోకి పంపే కేంద్ర పథకాలు రెండు మూడు ఉన్నాయి. వాలంటీరు ఏ ఊళ్ళో పనిచేయాలో ఒక్కో పథకంలో ఒక్కొక్కరు తేలుస్తారు. ఈ సంగతి ఊళ్ళవాళ్ళకి ఎవరూ చెప్పరు. పనిచేసే పిల్లల్లో కూడా చాలామందికి తెలీదు. సార్ ఎక్కడికి పదమంటే అక్కడికి వెళతారు. కానీ ఎవరు, ఏ లెక్కన తేలుస్తారో తెలిస్తే మా ఊరికీ రమ్మని అడగొచ్చు. దాన్ని విడమరిచి చెప్పాలనే ఈ ప్రయత్నం.

ముందు ఒక గందరగోళం తీసేద్దాం. పాతపట్నం, పార్వతీపురం, పలాస వైపు బంధువులున్న మనవాళ్ళకు వాలంటీరు అనగానే ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన గ్రామ వాలంటీర్లు గుర్తొస్తారు. 50 ఇళ్ళకు ఒకరు, నెలకు 5,000 రూపాయలు, ఒకటో తారీఖున గుమ్మం ముందు పింఛను. అది ఆ రాష్ట్ర ప్రభుత్వం అప్పట్లో తన పథకాల కోసం పెట్టుకున్న ఏర్పాటు. ఇక్కడ మనం మాట్లాడుకునే వాలంటీర్లు వేరు. వీళ్ళ చేతిలో పింఛను డబ్బు ఉండదు, ఇళ్ళ జాబితా ఉండదు. కొందరు చదువుకుంటూ చేస్తారు, కొందరు చదువు అయ్యాక ఏడాదో రెండేళ్ళో చేస్తారు.

కాలేజీ ఎక్కడో సేవ అక్కడే

వీటిలో అన్నిటికంటే పెద్దది జాతీయ సేవా పథకం, మనం ఎన్‌ఎస్‌ఎస్ అనేది. గాంధీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబర్ 24న, అప్పటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు దీన్ని 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో ప్రారంభించారు. పిల్లల బ్యాడ్జి మీద కనిపించే చక్రం ఒడిశాదే, కోణార్క సూర్యదేవాలయపు రథచక్రం. దాని ఎనిమిది ఆకులు రోజులోని 24 గంటలకు గుర్తు. ఏ వేళ పిలిచినా వస్తామని దాని భావం.

విద్యార్థి ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళలో 240 గంటలు పనిచేయాలి. దీనికి తోడు దత్తత తీసుకున్న ఊళ్ళో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటుంది. రెండూ పూర్తిచేస్తేనే సర్టిఫికెట్. మామూలుగా 100 మంది విద్యార్థులు ఒక యూనిట్. దానికి పెద్ద ఆ కాలేజీలోనే పాఠం చెప్పే లెక్చరర్. ప్రోగ్రామ్ ఆఫీసర్ అని పేరు, పిల్లల నోట పీఓ సార్. జీతం పాఠాలకే, ఇది అదనపు బాధ్యత. పీఓ సార్ పైన విశ్వవిద్యాలయంలో ఒక కోఆర్డినేటర్, ఆ పైన భువనేశ్వర్‌లోని ప్రాంతీయ కార్యాలయం, అన్నిటికీ పైన కేంద్ర యువజన వ్యవహారాల శాఖ. ఇంత పెద్ద నిచ్చెన ఉన్నా, ఏ ఊరికి వెళ్ళాలన్న నిర్ణయం దాదాపుగా అడుగు మెట్టు దగ్గరే జరుగుతుంది. పీఓ సార్, ప్రిన్సిపాల్ కూర్చుని ఊరు ఎంచుతారు.

వాళ్ళు ఎలా ఎంచుతారో తెలియాలంటే డబ్బు లెక్క చూడాలి. రోజువారీ పనులకు ఒక్కో వాలంటీరుకు ఏడాదికి 250 రూపాయలు, శిబిరానికి 450 రూపాయలు అన్నది చాలా ఏళ్ళు నడిచిన రేటు. యూనిట్‌లో సగం మంది, అంటే 50 మంది, శిబిరానికి వెళతారు. ఆ రేటున మొత్తం 22,500 రూపాయలు. ఏడు రోజులకు పంచితే మనిషికి రోజుకు 64 రూపాయలు. బియ్యం, పప్పు, కూరలు, గ్యాసు, పలుగులు, పారలు, బ్యానరు, బండి కిరాయి అన్నీ అందులోంచే. గుణుపురంలో కాలేజీ ఉంది, పుట్టాసింగి కొండమీద లాంజియా సవర ఆదివాసీల పల్లెలున్నాయి. సేవ అవసరం ఎక్కడ ఎక్కువో ఎవరినడిగినా చెప్తారు. కానీ 50 మంది పిల్లల్ని, అందులో ఆడపిల్లల్ని, ఘాట్ రోడ్డు మీద తీసుకెళ్ళి, రాత్రి పడుకోబెట్టి, జ్వరమొస్తే ఆస్పత్రికి దింపాల్సిన మనిషి మీరైతే ఏ ఊరు ఎంచుతారు? బస్సు రోడ్డు మీద ఉన్న ఊరు, పక్కా స్కూలు బిల్డింగు ఉన్న ఊరు, మరుగుదొడ్డి ఉన్న ఊరు. అంటే కొంతైనా బాగున్న ఊరు. నేను ఈ విషయంలో పీఓలని తప్పుపట్టలేను. అంత తక్కువ డబ్బిచ్చి అంత పెద్ద బాధ్యత నెత్తిన పెట్టిన తర్వాత దూరం వెళ్ళమనడం ఎలా?

ఇప్పుడు ఇదే లెక్కని జిల్లాల మీద పరిచి చూడండి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఒడిశా అక్షరాస్యత 72.87 శాతం. గంజాం జిల్లా 71 శాతంతో దాదాపు రాష్ట్రంతో సమానంగా ఉంది. గజపతి జిల్లా 53. ఇక కొండల్లోకి వెళితే రాయగడ 49.76, కోరాపుట్ 49.21, మల్కన్‌గిరి 48.54, నవరంగపురం 46.43. చదువు తక్కువైన చోట కాలేజీలూ పల్చగా ఉంటాయి. కాలేజీ పల్చగా ఉంటే యూనిట్లు పల్చన, యూనిట్లు పల్చనైతే శిబిరాలూ అరుదు. సేవ ఎక్కువ కావాల్సిన జిల్లాకి సేవ చేసే చేతులు తక్కువగా అందుతున్నది ఇందుకే. దీని వెనక ఎవరి కుట్రా లేదు. విద్యార్థులతో నడిచే పథకం విద్యార్థులున్న చోటే నడుస్తుంది.

విశ్వవిద్యాలయాల దూరం కూడా ఇందులో ఒక ముడి. బరంపురం విశ్వవిద్యాలయం 1967లో వచ్చింది. దక్షిణ ఒడిశా కాలేజీలకు ఎన్నో ఏళ్ళు అదే పెద్ద దిక్కు. మల్కన్‌గిరి కాలేజీలో ఒక కాగితం మీద సంతకం కావాలంటే దాదాపు 400 కిలోమీటర్ల అవతలికి చూడాల్సి వచ్చేది. 2009లో కోరాపుట్‌కి కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చింది. 2023లో జయపురంలోని విక్రమ్‌దేవ్ కాలేజీ విశ్వవిద్యాలయంగా మారింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన జయపురం మహారాజు విక్రమదేవ వర్మ పేరే అది. విశాఖలో సైన్సు కాలేజీని నిలబెట్టిన ఆ చేయి పేరుతో ఆయన సొంత గడ్డ మీద విశ్వవిద్యాలయం రావడానికి ఇంతకాలం పట్టింది. కోఆర్డినేటర్ దగ్గర్లో ఉంటే శిబిరాలు కొండల వైపు కదులుతాయని నా ఆశ.

సరిహద్దు తెలుగు కుటుంబాల సంగతి వేరేగా చెప్పాలి. కాశీనగరం, గుణుపురం, పర్లాకిమిడి పిల్లల్లో చాలామంది ఇంటర్ నుంచే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వెళ్ళిపోతారు. నౌపడా నుంచి గుణుపురం వెళ్ళే రైలు పట్టాలే చూడండి, ఆంధ్రా ఊళ్ళనీ ఒడిశా ఊళ్ళనీ ఒకే దారాన కట్టేస్తాయి. పిల్లలు అక్కడ చదివితే వాళ్ళ 240 గంటలూ అక్కడి ఊళ్ళకే చెందుతాయి. ఎచ్చెర్లలో చదివే గుణుపురం అమ్మాయి శ్రీకాకుళం జిల్లా పల్లెలో మరుగుదొడ్ల సర్వే చేస్తుంది. అదీ సేవే, కాదనను. కానీ సవర సంతలో కూరలు కొంటూ పెరిగిన ఆ పిల్ల తన కొండకింది ఊళ్ళో చేయగలిగిన పని ఇంకెవరూ చేయలేరు.

శిబిరంలో ఏం జరుగుతుంది

గుణుపురం దగ్గర ఒక శిబిరంలో ఒక సాయంత్రం చూసింది చెప్తాను. పొద్దున్న శ్రమదానంలో పిల్లలు బోరింగు దగ్గర ఇంకుడుగుంత తవ్వారు. మధ్యాహ్నం చేతులు కడుక్కోవడం మీద నాటిక వేశారు. సాయంత్రం స్కూలు వరండాలో కూర్చుని ఉంటే ఒక సవర ముసలమ్మ కొంగులో చుట్టిన కాగితాలు తీసుకొచ్చింది. ఆధార్ మీద ఒక పేరు, రేషన్ కార్డు మీద ఇంకో పేరు. రెండూ ఆమె పేరే, రాసినవాళ్ళకి సవర పేరు వినబడిన తీరు వేరు. ఆ తేడాతో పింఛను ఆగిపోయింది. ఆమెకి ఒడియా అంతంతమాత్రం, పిల్లల్లో ఎక్కువమందికి సవర రాదు. సంతలో కిరాణా కొట్టు నడిపే తెలుగాయన కూతురు ఒకమ్మాయి ముందుకొచ్చింది. కొట్లో కూర్చుని నేర్చిన సవరతో ముసలమ్మని అడిగి తెలుసుకుంది, ఒడియాలో దరఖాస్తు రాసింది, వేలిముద్ర వేయించింది. అరగంటలో వరండా నిండిపోయింది. ఊరంతా కాగితాలతో వచ్చేసింది.

ఆ రోజు నివేదికలో ఇంకుడుగుంత ఉంది, నాటిక ఉంది. వరండాలో జరిగిన పనికి అచ్చు ఫారంలో గడి లేదు.

ఊళ్ళకు నిజంగా ఏం కావాలో నాకు అక్కడ తెలిసింది. గోడ మీద నినాదాలకీ, ఫొటో కోసం నాటిన మొక్కలకీ ఊరు కృతజ్ఞతగా తలాడిస్తుంది గానీ, చేతిలో కాగితం పట్టుకుని ఎదురుచూసేది మాత్రం దాన్ని చదివిపెట్టే మనిషి కోసం. అందుకే పీఓలకి నా మనవి ఒకటే. మూడేళ్ళు ఒకే ఊరికి వెళ్ళండి. మొదటి ఏడాది ఊరు మిమ్మల్ని చూస్తుంది, రెండో ఏడాది నమ్ముతుంది, ఆ తర్వాతే అడుగుతుంది. ఏటా ఊరు మారిస్తే ఎప్పుడూ మొదటి ఏడాదిలోనే ఉండిపోతాం. ఇంకోటి, కాలేజీ ఆవరణ ఊడ్చే పనికి ఏడాదిలో 30 గంటలు మించకూడదని ఎన్‌ఎస్‌ఎస్ నియమావళే చెబుతుంది. ఆ గీత దాటనివ్వకండి. మిగతా గంటలు ఊరివి.

ఆ గంటల్ని పెట్టడానికి ఇప్పుడు మంచి దారి వయోజన విద్య. 2022లో ఆమోదం పొందిన నవభారత సాక్షరతా కార్యక్రమం, అదే ఉల్లాస్, పూర్తిగా వాలంటీర్ల మీదే నడుస్తుంది. 15 ఏళ్ళు దాటిన, చదవడం రాని ఎవరికైనా దగ్గర్లోని చదువుకున్న మనిషే నేర్పాలి. దీనికి శిబిరం అక్కర్లేదు, బండి కిరాయి అక్కర్లేదు. అక్షరాస్యత సగం దగ్గరే ఆగిన జిల్లాల్లో ఒక విద్యార్థిని తన వీధిలోని నలుగురు ఆడవాళ్ళకి సంతకం, అంకెలు, బస్సు బోర్డు చదవడం నేర్పినా 120 గంటలకు ఇంతకంటే మంచి వాడకం నాకు కనపడదు.

బ్లాకుకి ఇద్దరు

రెండో రకం వాలంటీర్లు కాలేజీతో ముడిపడరు. 1972లో జిల్లాల్లో నెహ్రూ యువ కేంద్రాలు మొదలయ్యాయి. చదువు ముగించిన యువతను పూర్తికాలం సేవలోకి తీసుకునే జాతీయ సేవా వాలంటీర్ పథకం 1977-78లో వచ్చింది. అదీ, ఇంకో పథకమూ కలిసి 2010-11లో నేషనల్ యూత్ కోర్ అయ్యాయి. పదో తరగతి పాసై, 18 నుంచి 29 ఏళ్ళ మధ్య ఉండి, రెగ్యులర్ చదువులో లేనివాళ్ళు అర్హులు. నెలకు 5,000 రూపాయల గౌరవవేతనం, గరిష్ఠంగా రెండేళ్ళు. పని ఊళ్ళలో యువజన సంఘాలు కట్టడం, ఆటల పోటీలు పెట్టడం, ఆరోగ్యం, ఓటు, మత్తు వంటి విషయాల మీద జనంతో మాట్లాడటం, సర్కారు పథకాల కబురు మోయడం.

వీళ్ళని పంచే లెక్క సూటిగా ఉంటుంది: బ్లాకుకి ఇద్దరు. గంజాంలో 22 బ్లాకులు, అంటే 44 మంది. కోరాపుట్‌లో 14 బ్లాకులకు 28. రాయగడలో 11 బ్లాకులకు 22. గజపతి, మల్కన్‌గిరి జిల్లాల్లో ఏడేసి బ్లాకులకు 14 మంది చొప్పున. వినడానికి న్యాయంగానే ఉంది. తలల లెక్క చూస్తే మల్కన్‌గిరికే మేలు జరిగినట్టు కనిపిస్తుంది. అక్కడ 2011 జనాభా 6.13 లక్షలు, ఒక్కో వాలంటీరుకు దాదాపు 44,000 మంది. గంజాంలో 35.29 లక్షలు, ఒక్కొక్కరికి 80,000.

కానీ వాలంటీరు నడవాల్సింది నేల మీద. గంజాం వైశాల్యం 8,206 చదరపు కిలోమీటర్లు, ఒక్కో వాలంటీరుకు 186. మల్కన్‌గిరి 5,791, ఒక్కొక్కరికి 413. రెండింతలకు పైగా. గంజాంలో ఆ 186 చదరపు కిలోమీటర్లలో ఆటోలు, బస్సులు తిరుగుతాయి. మల్కన్‌గిరిలో ఆ 413లో అడవి ఉంటుంది, వాగులుంటాయి, బలిమెల జలాశయం ఉంటుంది. ఆ జలాశయం కట్టాక చిత్రకొండ అవతల 151 పల్లెలు మిగతా జిల్లాతో తెగిపోయాయి. 'కటాఫ్ ఏరియా' అన్న పేరుతోనే దశాబ్దాలు గడిచాయి. 2018 జులై 26న 910 మీటర్ల గురుప్రియ వంతెన తెరిచేదాకా అక్కడికి పడవే దిక్కు. నెలకు 5,000 రూపాయలతో, సొంత ఖర్చుతో పెట్రోలు పోసుకుని తిరిగే కుర్రాడు అలాంటి బ్లాకులో ఎన్ని ఊళ్ళు చూడగలడు? బ్లాకు కేంద్రం చుట్టూ ఉన్న పంచాయతీలే చూస్తాడు. ఎన్‌ఎస్‌ఎస్ కాలేజీ చుట్టూ తిరిగినట్టే ఇది బ్లాకు ఆఫీసు చుట్టూ తిరుగుతుంది. కొండ జిల్లాలకు బ్లాకుకి నలుగురినివ్వాలి, కనీసం దారిఖర్చు విడిగా ఇవ్వాలి. ఈ మాట పార్లమెంటులో మన ఎంపీలు అడగాల్సినది.

పొట్టంగి బ్లాకు కొటియా పల్లెల్లో పరిస్థితి ఇంకో రకం. ఆ 21 ఊళ్ళ మీద ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండూ హక్కు చెప్పుకుంటున్నాయి. 1968లో సుప్రీంకోర్టుకెక్కిన తగువు ఇప్పటికీ తేలలేదు. అక్కడ చాలామంది దగ్గర రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. అలాంటి చోట వాలంటీరు ఏ పని మీద వెళ్ళినా ఏ రాష్ట్రం పంపిందని ముందు అడుగుతారు. తెలుగు, ఒడియా రెండూ వచ్చి, ఏ పక్షమూ కాదని నమ్మించగల స్థానిక యువతే అక్కడ పనిచేయగలరు.

2023 అక్టోబర్ 31న కేంద్రం మేరా యువ భారత్‌ని ప్రారంభించింది. 15 నుంచి 29 ఏళ్ళవాళ్ళు దాని పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని, తమ జిల్లాలో ఏ సేవా కార్యక్రమం ఉందో చూసి చేరొచ్చు. ఎవరైనా చేరే వీలుండటం మంచిదే. నెట్ సిగ్నల్ కోసం చెట్టెక్కే ఊళ్ళలో మాత్రం పోర్టల్ ఒక్కటే చాలదు.

తుపాను వచ్చిన చోటికే శిక్షణ

విపత్తుల సమయంలో పనిచేసే వాలంటీర్లు మూడో రకం. వీళ్ళ పటాన్ని గీసింది గత తుపాన్లు. 1999 అక్టోబర్ 29 మహాతుపాను తర్వాత ఒడిశా ఆ ఏడాదే విపత్తుల కోసం ప్రత్యేక సంస్థ పెట్టుకుంది. తీరం వెంట బహుళార్థ తుపాను షెల్టర్లు కట్టింది. ప్రతి షెల్టరుకి స్థానికులతో కమిటీ, గాలింపు, ప్రథమ చికిత్సలో శిక్షణ పొందిన యువత. ఫలితం 2013 అక్టోబర్ 12న గోపాలపురం దగ్గర ఫైలిన్ తీరం దాటినప్పుడు కనిపించింది. లక్షలాది మందిని ముందే ఖాళీ చేయించారు, 1999తో పోలిస్తే చావులు చాలా తక్కువ. గంజాం తీరంలోని మత్స్యకార పేటల్లో మన తెలుగువాళ్ళే ఎక్కువ. అక్కడ ఒడియాలో వచ్చిన హెచ్చరికని పెద్దవాళ్ళకి తెలుగులో చెప్పి, పడవలు ఒడ్డుకు లాగించి, ముసలివాళ్ళని షెల్టరుకు నడిపించేది ఆ పేటల కుర్రాళ్ళే. రుషికుల్య నదీముఖం దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్ళ గుడ్లకు రాత్రిళ్ళు కాపలా కాసేది కూడా చుట్టుపక్కల ఊళ్ళ యువతే. 2023లో అక్కడికి 6 లక్షలకు పైగా తాబేళ్ళు వచ్చాయి. తాబేలు పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చే రోజుల్లో వీధిదీపాల వెలుతురు చూసి ఊరివైపు పాకుతాయి. వాటిని బుట్టల్లో ఏరి సముద్రంలో వదలడం ఆ కుర్రాళ్ళకి ఏటా ఉన్న పని.

కొండవైపు ఈ ఏర్పాటు లేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో పలాస దగ్గర తీరం దాటింది. మనవాళ్ళకు ఉద్దానం కొబ్బరితోటలు, జీడితోటలు గుర్తుంటాయి. కానీ ఆ వాన గజపతి జిల్లా కొండల మీద పడింది. బరఘర ఊరి దగ్గర వానకి గుహలో తలదాచుకున్నవాళ్ళ మీద కొండచరియ విరిగిపడి పన్నెండు మందికి పైగా చనిపోయారు. తుపాను అంటే సముద్రం అన్న లెక్కతో శిక్షణ అంతా తీరానికే ఇచ్చాం. కొండ జారే ముందు నేల ఎలా బీటలిస్తుందో, వాగు నీళ్ళు హఠాత్తుగా మట్టిరంగుకి మారితే ఏం చేయాలో సవర పల్లెల యువతకు నేర్పినవాళ్ళు లేరు.

2016లో కేంద్రం ఆపదమిత్ర పథకాన్ని 30 వరద జిల్లాల్లో, జిల్లాకి 200 మందితో ప్రయోగంగా మొదలుపెట్టింది. తర్వాత 350 జిల్లాలకు, లక్ష మంది వాలంటీర్లకు విస్తరించింది. 12 రోజుల శిక్షణ ఇస్తారు. ఇప్పుడు ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్, యువ కేంద్రాల పిల్లలకే ఆ శిక్షణ ఇచ్చే యువ ఆపదమిత్ర కూడా వచ్చింది. కొండ జిల్లాల్లో ఈ శిక్షణకు పిల్లల్ని ఎంచేటప్పుడు జిల్లా కేంద్రం కాలేజీల నుంచే తీసుకుంటే బరఘర లాంటి ఊరికి మళ్ళీ ఎవరూ ఉండరు. ఊరికి ఇద్దరు స్థానికులు ఉండాలి. వంశధార, నాగావళి, మహేంద్రతనయ పొంగితే పట్నం నుంచి ఎవరూ రాలేరు. 2017 జులైలో నాగావళి వరదకి రాయగడ జిల్లాలో రైలు వంతెనే కొట్టుకుపోయింది.

భాష తెలిసిన చేతులు

కుయి, కువి, సవర, గదబ, కోయ, దేశియా. ఈ జిల్లాల్లో ఒక వారం సంతలో వినపడే భాషలివి. వీటిపైన సర్కారు కాగితం ఒడియాలో. మధ్యలో తెలుగు. సీలేరు, శబరి కలిసే మోటు దగ్గర అవతలి ఒడ్డు ఆంధ్రప్రదేశే, అక్కడ కోయవాళ్ళకి తెలుగు పరాయిది కాదు. వాలంటీర్లని పంచే ఏ లెక్కలోనూ భాష అన్న గడి లేదు. నా దృష్టిలో ఈ ప్రాంతానికి ఇదే అన్నిటికంటే పెద్ద లోపం.

పర్లాకిమిడికి ఇది కొత్త పాఠం కాకూడదు. ఆ ఊళ్ళో 1880లో బడిపంతులుగా చేరిన గిడుగు రామమూర్తి చుట్టుపక్కల సవరల కోసం వాళ్ళ భాష నేర్చుకున్నారు. దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. వాడుక భాష ఉద్యమంగానే ఆయన్ని మనం గుర్తుపెట్టుకుంటాం, ఆగస్టు 29న దండ వేస్తాం. ఊరికి మేలు చేయాలంటే ముందు ఊరి భాష రావాలని ఆయన ఈ కొండల కిందే చేసి చూపించారు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ కాలేజీల యూనిట్లలో కనీసం కొంతమందికి శిబిరానికి ముందు ఆ ఊరి భాషలో వంద మాటలు నేర్పడం కష్టమా? నేర్పేవాళ్ళు కాలేజీలోనే ఉన్నారు, హాస్టల్‌లో ఉండే ఆదివాసీ విద్యార్థులే. వాళ్ళు గురువులైతే యూనిట్‌లో వాళ్ళ స్థానమూ మారుతుంది. ఇన్నాళ్ళూ వాళ్ళ ఊళ్ళకి మనం సేవ చేస్తున్నామనే భావనే నడిచింది.

ఊరు అడగాలంటే

నిర్ణయం కింది మెట్టు దగ్గర జరుగుతుందని చెప్పాను కదా, అడగాల్సింది కూడా అక్కడే. భువనేశ్వర్‌కి అర్జీలు పెట్టనక్కర్లేదు. ఊరు నుంచి వెళ్ళే కాగితం దగ్గర్లోని కాలేజీ ప్రిన్సిపాల్ పేరు మీద, పీఓకి కాపీతో ఉండాలి. సర్పంచ్, వార్డు మెంబర్ సంతకాలు కావాలి. పల్లీసభలో, అంటే ఊరి ఓటర్లంతా కూర్చునే సభలో, తీర్మానం చేస్తే ఇంకా బలం. నియమగిరిలో గని వద్దని 2013లో చెప్పింది 12 పల్లీసభలే, ఈ కొండల్లో ఆ తీర్మానానికి ఉన్న విలువ అందరికీ తెలుసు.

కాగితంలో కష్టాలు ఏకరువు పెట్టడం కంటే పీఓ టెన్షన్‌కి జవాబివ్వడం ముఖ్యం. ఎన్ని ఇళ్ళు, పిల్లలు పడుకోవడానికి ఏ స్కూలు, హెడ్మాస్టర్ ఒప్పుకున్నారా, ఆడపిల్లలకు విడిగా గది, మరుగుదొడ్డి ఉన్నాయా, నీళ్ళు ఎక్కడ, బస్సు ఎక్కడిదాకా వస్తుంది, అక్కడి నుంచి ట్రాక్టరు ఎవరు పంపుతారు, దగ్గరి ఆస్పత్రి ఎంత దూరం. బియ్యం, కూరలు ఊరివాళ్ళు కొంత సర్దగలిగితే అదీ రాయాలి, శిబిరానికి వచ్చే కొద్దిపాటి డబ్బులో అది పెద్ద సాయం. ఊళ్ళో ఏ భాష మాట్లాడతారో, ఏ పని కావాలో సూటిగా చెప్పాలి. "అభివృద్ధి చేయండి" అని రాస్తే మొక్కలు వస్తాయి. "నలభై మంది ఆధార్ పేర్లు సరిచేయించాలి, రక్తహీనత పరీక్షలు కావాలి" అని రాస్తే ఆ పని చేయగల పిల్లలు వస్తారు.

ఊళ్ళో పదో తరగతి పాసైన అమ్మాయో అబ్బాయో ఖాళీగా ఉంటే జిల్లా యువజన అధికారి ఆఫీసులో నేషనల్ యూత్ కోర్ వాలంటీర్ల ప్రకటన ఎప్పుడు వస్తుందో కనుక్కుని ఉంచండి. దూరపు పంచాయతీల నుంచి దరఖాస్తులే రాకపోతే బ్లాకుకి ఇద్దరూ బ్లాకు పట్నం నుంచే ఉంటారు. ఎన్‌ఎస్‌ఎస్ శిబిరాలు ఎక్కువగా శీతాకాలంలో పెడతారు కాబట్టి, ఊరి కాగితం దసరా సెలవులకు ముందే ప్రిన్సిపాల్ చేతికి చేరాలి.